గజ్జెలు రాని పెట్టె

అంగట్లో బాగనే పాడింది.
అనంతపురంలో, క్లాక్ టవర్ పక్క సందులో,
అద్దాల తలుపు మూసి ఆ పిల్లోడు ఏందో పెడితే
నా చొక్కా గుండీలు అదిరినాయి.
మూన్నెల్ల కూలి ఎంచి ఇచ్చి,
బస్సు టాపు మీద ఏస్తే పగుల్తాదని
తాడిపత్రి దాకా ఒళ్లో పెట్టుకొని వస్తి.
పక్క సీటాయప్ప అడిగె, "టీవీనా?"
"గాదు, పాటలపెట్టె" అంటి,
మనవని పేరు చెప్పినట్టు.

ఇంట్లో పెడితే
గొంగడి కప్పుకొని మాట్లాడినట్టు ఉండాది.

నాకు కావల్సింది ఒకటే క్యాసెట్టు.
ముప్పై ఏండ్ల కిందట మా గుంపు చెక్కభజన,
అల్లీపీరా మంచం కోడుకు మైకు కట్టి పట్టింది.
పదారు మందిమి. ముప్పై రెండు కాళ్లకు గజ్జెలు.
నేను రెండో వరస.
నా అడుగు తప్పినప్పుడు ఎనకనుంచి ఎర్రిస్వామి తిట్టేది గూడా
దాంట్లో ఉండాది.
మా అక్క కొడుకు దాన్ని పెన్‌డ్రైవులోకి ఎక్కిచ్చి ఇచ్చె.

డోలు వస్తాది.
గురువు అదిలింపు వస్తాది.
ఎర్రిస్వామి తిట్టు, సుబ్బరంగా వస్తాది.
గజ్జెలు రావు.
చెక్కల అంచున బిళ్లలు రావు.
పదారు మందిమి వట్టి కాళ్లతో
దుమ్ములో ఎగిరినట్టు.

తీగ మారిస్తి. రాగి తీగంట, మీటరు నూటెనభై.
వోల్టేజి అనిరి, స్టెబిలైజరు తెస్తి.
రేకులిల్లు కదా, అదురు లోపల్లోపలే తిరుగుతాదనిరి,
ఆదెమ్మ కుట్టిన బొంతలన్నీ గోడలకు మేకులు కొడితి.
ఆ చలికాలం
మేము దుప్పట్లో కాళ్లు ముడుచుకొంటిమి,
పెట్టె మాత్రం ఎచ్చగ పండుకొన్యె.

కుళ్ళాయప్ప అంగడికి ఎన్నిసార్లు మోసింటినో.
మూత ఇప్పేవాడు, ఉఫ్ అని ఊదేవాడు, మళ్లా బిగిచ్చేవాడు,
ఒక బిరడ ఇంత తిప్పి
"ఇప్పుడు సూడన్నా" అనేవాడు.
ఒకపారి, దొంగ నాకొడకా అని గూడా అంటి.
వాడు నవ్వి టీ చెప్పె.
దుడ్లు తీసుకోలా.

బండల ఫ్యాక్టరీ గేటు కాడికి ఒకదినం
ఆస్పత్రి వ్యాను వచ్చె.
పాలిష్ మిషన్ల కాడ చేసేటోళ్లంతా రావల్లంట.
ఇరవై ఆరేండ్ల నుంచి చేస్తాండా, నేనే ముందర.
మెత్తని గోడల నడుమ కూచోబెట్టి
చెవులకు తగిలిచ్చిరి.
అబ్బా, ఏం మెత్తదనం! కొంటే ఇట్లాంటివి కొనల్ల అనుకుంటి.
"వినపడితే చెయ్యెత్తు పెద్దాయనా."
ఎత్తితి. ఎత్తితి. మళ్లా ఎత్తితి.
అంతలోకి సద్దే ల్యాకపాయె.
వీళ్ల మిషను గూడా చెడిపాయె పాపం, అని
అద్దంలోంచి నర్సు పాప దిక్కు చూస్తి.
ఆ పాప మీట నొక్కుతానే ఉంది.
నా చెయ్యి దిక్కు చూస్తానే ఉంది.

ఇంటికొచ్చి ఆదెమ్మకు చెప్పలా.
పాట పెడితి.
ఆమె గోడకు మళ్లుకొని చెవిలో ఏందో దోపుకొంటాంటే
చెయ్యి పట్టి చూస్తి. దూది.
"ఎన్నాళ్ల నుంచి?"
"నువ్వు తెచ్చిన కాడినుంచి.
కుళ్ళాయప్ప కాడికి పోయొచ్చినప్పుడల్లా
ఆ గజ్జెలు ఇంగా ఇంగా సూదులైపోతాండె."
"మరి చెప్పలేదే?"
"చెప్పినా. ఎన్ని తూర్లు చెప్పినా."

కుళ్ళాయప్ప తిప్పిన బిరడను
ఎనక్కి తిప్పితి, ఆగేదాకా.
ఆమె దూది తీసి, చాటలో సెనక్కాయలు పోసుకొని
మొదటిసారి పెట్టె ముందర కూచునె.
నాకు డోలు. డోలు. ఎర్రిస్వామి తిట్టు.
తర్వాత డోలు గూడా ఆగిపాయె.
ఆమె వేళ్లు కాయల మీద అట్లే నిలబడె.

"వస్తాండాయా?"
"ఆ."
"ఇప్పుడో?"
"వస్తానే ఉండాయి.
రోంతసేపు ఊరికుండు, విననీ."